మార్పిడి కాలేయంలో పిత్తనాళం: ఇంటికి వచ్చాక మొదలయ్యే చిక్కు

కాలేయ మార్పిడి జరిగి ఆరు నెలలైన మనిషి అమలాపురంలోనో భీమవరంలోనో ల్యాబ్‌లో రక్తమిచ్చి వస్తే, సాయంత్రం చేతికందిన ఎల్.ఎఫ్.టి. (కాలేయం పనితీరు పరీక్ష) రిపోర్టులో ఇంటిల్లిపాదీ ముందుగా వెతికేది బిలిరుబిన్ ఎంతుందన్నదే. అది 1.0 దగ్గర ఉంటే అందరి మనసూ కుదుటపడుతుంది. అదే కాగితంలో కొంచెం కిందికి వస్తే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 380 అనీ, జి.జి.టి. 290 అనీ కనిపిస్తుంది. పెద్దవాళ్లలో మొదటిది సుమారు 130 లోపు, రెండోది 60 లోపు ఉండాల్సినవి. కళ్లు పచ్చబడలేదు, అన్నం సహిస్తోంది, మనిషి చేనుగట్టు దాకా వెళ్లి వస్తున్నాడు కనుక ఆ అంకెల సంగతి వచ్చే నెల చూసుకుందామనుకుంటారు. కాలేయంలో తయారైన పైత్యరసాన్ని పేగుకు చేర్చే పిత్తనాళం సన్నబడుతోందన్న తొలి కబురు చాలాసార్లు ఆ రెండు అంకెల్లోనే ఉంటుంది. కళ్లు పచ్చబడేది అక్కడికి కొన్ని వారాలకో, నెలలకో.

మనిషికి కాలేయ మార్పిడిని మొదటిసారి 1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ ప్రయత్నించారు. భారతదేశంలో ఈ ఆపరేషన్ విజయవంతంగా జరిగింది 1998లో. 1963 తరవాత ఇన్నేళ్లలో రక్తనాళాలు కుట్టే పద్ధతులు మెరుగుపడ్డాయి, శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా ఆపే మందులు వచ్చాయి, ఒకప్పుడు రోగిని బల్లమీదే పోగొట్టుకున్న కారణాలు చాలావరకు అదుపులోకి వచ్చాయి. పిత్తనాళం ఒక్కటే ఇప్పటికీ పూర్తిగా లొంగలేదు. ఈ ఆపరేషన్‌లో సాంకేతికంగా అన్నిటికంటే బలహీనమైన చోటు అదేనని బ్రిటిష్ సర్జన్ రాయ్ కాల్న్ 1970లలోనే గుర్తించారు. మరణించిన దాత నుంచి తీసిన కాలేయం అమర్చినప్పుడు సుమారు 5 నుంచి 15 శాతం మందిలో, బతికున్న దాత నుంచి కొంత భాగం తీసి అమర్చినప్పుడు 20 నుంచి 30 శాతం దాకా ఏదో ఒక పిత్తనాళ సమస్య వస్తోందని ప్రపంచవ్యాప్త అనుభవం చెబుతోంది. మన దేశంలో జరిగే మార్పిడుల్లో ఎక్కువ భాగం రెండో రకానివే కనుక ఈ అంకెను తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

ఈ బలహీనతకు మూలం రక్తం అందే తీరులో ఉంది. కాలేయానికి రెండు దారుల్లో రక్తం వస్తుంది: పేగుల నుంచి పోర్టల్ సిర తెచ్చేది ఒకటి, గుండె వైపు నుంచి హెపాటిక్ ధమని తెచ్చేది మరొకటి. ఒకటి కొంత తగ్గినా రెండోది కాలేయ కణాలను కొన్నాళ్లు నిలబెట్టగలదు. పిత్తనాళాలకు ఆ వెసులుబాటు లేదు. వాటి గోడలకు రక్తం ధమని ద్వారానే అందాలి. పైగా కాలేయం బయట ఉండే ప్రధాన పిత్తనాళం గోడలో రక్తం రెండు వైపుల నుంచీ వస్తుందని, సుమారు 60 శాతం కింద చిన్నపేగు వైపు నుంచి ఎక్కివస్తే, 38 శాతం పైన కాలేయం వైపు నుంచి దిగివస్తుందని నార్తోవర్, టెర్‌బ్లాంష్ అనే పరిశోధకులు 1979లో చూపించారు. దాత శరీరం నుంచి కాలేయాన్ని వేరు చేసిన క్షణంలో కింది నుంచి వచ్చే ఆ పెద్ద వాటా తెగిపోతుంది. మిగిలిన కొసకు పై నుంచి దిగే కొద్దిపాటి రక్తమే దిక్కు. అందువల్లనే దాత వైపు నాళాన్ని సర్జన్లు వీలైనంత పొట్టిగా ఉంచుతారు. పొడవు పెరిగినకొద్దీ చివరికొస ఎండిపోయే ప్రమాదం పెరుగుతుంది.

డెల్టా రైతుకు ఇది తెలియని సంగతేమీ కాదు. ధవళేశ్వరం నుంచి వచ్చే నీరు చేనుకు అందడం ఒక ఎత్తు, చేలో నిలిచిన నీటిని డ్రెయిన్ లాగేయడం మరో ఎత్తు. డ్రెయిన్‌లో పూడిక పేరుకుని గుర్రపుడెక్క అల్లుకుంటే, పంటకాలువ ఎంత చక్కగా పారుతున్నా పైరు ముంపులో కుళ్లిపోతుంది. కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. రక్తం తెచ్చే దారులు బాగుండి, ఆ రసం పేగులోకి దిగే దారి ఇరుకైపోతే, నిల్వపడిన రసం కాలేయ కణాలనే తినేయడం మొదలుపెడుతుంది. ఎన్నాళ్లు అలా వదిలేస్తే అంత మచ్చ కడుతుంది, చివరికి కొత్త కాలేయమూ పాత కాలేయం పోయిన దారినే గట్టిపడుతుంది.

బతికున్న దాత ఇచ్చిన కుడి భాగంలో చిక్కు ఇంకాస్త ఎక్కువ. చెట్టు కాండాన్ని కోస్తే ఒకటే మోడు వస్తుంది. కొమ్మలు చీలిన చోట కోస్తే రెండు మూడు కొసలు మిగులుతాయి. కుడి కాలేయం నుంచి వచ్చే నాళాలు అందరిలోనూ ఒకే చోట కలవవు. కొందరిలో ముందు శాఖా వెనక శాఖా విడివిడిగానే వచ్చి చేరతాయి. అలాంటి దాత కాలేయంలో రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున్న రంధ్రాలు రెండో మూడో ఉంటాయి. ఒక్కొక్కదాన్ని వెంట్రుకంత సన్నని దారంతో, కళ్లకు భూతద్దాలు పెట్టుకుని కుట్టాలి. దాతకు ముందుగానే ఎం.ఆర్.సి.పి. స్కాన్ తీసి నాళాల పటం చూసుకోవడం, ఆపరేషన్ మధ్యలో రంగు ఎక్కించి ఎక్కడ కోయాలో గుర్తుపెట్టుకోవడం ఇందుకోసమే. అంత జాగ్రత్త తీసుకున్నా కొన్ని కుట్లు బిగుసుకుపోతాయి. దాన్ని సర్జన్ చేతకానితనంగా చూడడం అన్ని సందర్భాల్లోనూ న్యాయం కాదు.

తొలి వారాల్లో కనిపించేది ఎక్కువగా లీకు. కుట్టిన చోటనో, కాలేయాన్ని కోసిన ముఖం నుంచో రసం పొట్టలోకి కారుతుంది. పొట్టలో పెట్టిన డ్రెయిన్ గొట్టంలో ఆకుపచ్చ, పసుపు కలిసిన ద్రవం రావడమో, పొట్ట ఉబ్బరమో, తగ్గని జ్వరమో దాన్ని పట్టిస్తాయి. అప్పటికి రోగి చాలావరకు ఆస్పత్రిలోనో, ఆస్పత్రి పక్కన అద్దెకు తీసుకున్న గదిలోనో ఉంటాడు కనుక దీన్ని గుర్తించడంలో ఆలస్యం తక్కువ. చిన్న లీకులు కొన్ని వాటంతట అవే మానతాయి, కొన్నిటికి లోపల స్టెంట్, అంటే నాళాన్ని తెరిచి ఉంచే సన్నని గొట్టం, వేస్తారు. అయితే లీకు మానిన చోటే తరవాత మచ్చ కట్టి నాళం బిగుసుకోవడం తరచు జరుగుతుంది కనుక, ఒకసారి లీకు వచ్చిన వారిని ఆ పై ఏడాదంతా మరింత కనిపెట్టి ఉండాలి.

అసలు కథ రెండోది, నాళం సన్నబడడం. ఇందులో రెండు రకాలున్నాయి, వాటిని కలిపేసి మాట్లాడితే రోగికీ బంధువులకూ తప్పుడు ఆశో తప్పుడు భయమో కలుగుతుంది. కుట్టిన చోట మాత్రమే బిగుసుకోవడం మొదటి రకం. చాలావరకు మొదటి ఏడాదిలోనే బయటపడుతుంది, చికిత్సకు బాగా లొంగుతుంది. కుట్టుకు పైన, కాలేయం లోపలి కొమ్మల్లో అక్కడక్కడా బిగుసుకోవడం రెండో రకం. ధమనిలో గడ్డ కట్టి రక్తం ఆగిపోవడం, కాలేయం మంచుపెట్టెలో ఎక్కువ గంటలు ఉండడం, గుండె ఆగాక తీసిన కాలేయం కావడం, దాతకూ గ్రహీతకూ రక్తం గ్రూపు కుదరకపోవడం దీనికి ముఖ్యమైన కారణాలు. ఎం.ఆర్.సి.పి. బొమ్మలో మొదటి రకం నడుము దగ్గర దారంతో బిగించినట్టు ఒక్కచోట కనిపిస్తే, రెండోది ఆకులు రాలిన కొమ్మలను విరిచి విరిచి పెట్టినట్టు కనిపిస్తుంది. గోడ ఊడి పెచ్చులుగా రాలి, రసంతో కలిసి ముద్దకట్టి, ఆ నాళం ఆకారంలోనే గట్టిపడడం కూడా ఈ రకంలోనే ఎక్కువ. ఇది ముదిరితే మళ్లీ మార్పిడి తప్ప దారి ఉండకపోవచ్చు. రోగి తరఫువారు డాక్టరును అడగవలసిన మొదటి ప్రశ్న, బిగుసుకున్నది కుట్టు దగ్గరా, లోపలి కొమ్మల్లోనా అన్నది. రెండోదని చెబితే ధమనిలో రక్తం సరిగా పారుతోందా లేదా డాప్లర్ స్కాన్‌లో చూశారా అన్నది వెంటనే అడగాలి.

ఈ జబ్బు అంత నిశ్శబ్దంగా పెరగడానికి కారణాలున్నాయి. మార్పిడిలో కాలేయానికి వచ్చే నరాలు తెగిపోతాయి, అందుచేత నాళం మూసుకున్నప్పుడు మామూలు మనిషికి వచ్చే పక్కనొప్పి వీరికి రాకపోవచ్చు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు జ్వరాన్ని మందగింపజేస్తాయి. ఇక పొట్ట స్కానింగ్ మీద మన ఊళ్లలో ఉన్న నమ్మకం ఇక్కడ మోసం చేస్తుంది. మామూలు మనిషిలో నాళం కింద అడ్డుపడితే పైభాగం ఉబ్బి స్కానింగ్‌లో తెలుస్తుంది. మార్పిడి కాలేయంలో అడ్డు ఉన్నా నాళాలు అంతగా ఉబ్బకపోవచ్చు. ‘స్కానింగ్ నార్మల్’ అని రాసి ఉన్న రిపోర్టుతో, పెరిగిన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌ను కొట్టిపారేయకూడదు. అలాంటప్పుడు చేయించవలసింది ఎం.ఆర్.సి.పి.

లక్షణాలు కనిపించినా వాటికి డెల్టాలో వేరే అర్థాలు సిద్ధంగా ఉంటాయి. అరచేతుల్లో, అరికాళ్లలో రాత్రిపూట ఎక్కువయ్యే దురద పైత్యరసం నిల్వపడినందుకు గుర్తు. ఊడ్పుల రోజుల్లో అయితే చేలో నీళ్లు పడలేదనుకుంటారు, ఎండల్లో ఉక్కపోత అనుకుంటారు. మూత్రం ముదురు పసుపుకు తిరిగితే ‘వేడి చేసింది’ అని కొబ్బరిబొండాలు కొట్టి ఇస్తారు. కోనసీమలో ఇది ప్రేమతో చేసే పనే. కాలేయాన్ని శరీరం తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ మందు రక్తంలో పొటాషియంను పెంచుతుంది, కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది, ఆ రెండూ కలిస్తే గుండె లయకే ముప్పు రావచ్చునన్న సంగతి ఆ ఇచ్చేవారికి ఎవరూ చెప్పి ఉండరు. వణుకుతో జ్వరం వస్తే మలేరియా అనో టైఫాయిడ్ అనో పరీక్షలు రాస్తారు. మార్పిడి చేయించుకున్న మనిషికి చలితో జ్వరం వస్తే, నాళంలో చీము పట్టిందేమోనని అదేరోజు చూడాలి. ఇది గంటల్లో రక్తమంతా పాకగల ఇన్ఫెక్షన్. రెండు రోజులు పారాసిటమాల్‌తో నెట్టుకొచ్చే జ్వరం కాదు.

ఇంకో మెలిక కూడా ఉంది. అంకెలు పెరగడానికి నాళం బిగుసుకోవడం ఒక కారణమైతే, శరీరం కాలేయాన్ని తిరస్కరించడం మరో కారణం. కాగితం మీద రెండూ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. చికిత్సలు మాత్రం ఎదురెదురు. తిరస్కరణకు స్టెరాయిడ్ మోతాదు పెంచాలి. నాళంలో ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి అదే పని చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే రిపోర్టును వాట్సాప్‌లో మార్పిడి చేసిన బృందానికి పంపకుండా, దగ్గరి ఊళ్లోనే మందులు అటూ ఇటూ మార్చడం మంచిది కాదు. అవసరమైతే కాలేయం నుంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించాకే నిర్ణయానికి వస్తారు.

కుట్టు దగ్గర బిగుసుకున్న నాళానికి ఇప్పుడు మొదటి చికిత్స ఇ.ఆర్.సి.పి. నోటి ద్వారా గొట్టం చిన్నపేగు దాకా పంపి, పిత్తనాళం తెరుచుకునే చోటు నుంచి సన్నని తీగను ఇరుకు దాటించి, బెలూన్‌తో వెడల్పు చేసి, ప్లాస్టిక్ స్టెంట్ ఉంచుతారు. ఆ స్టెంట్ చూడడానికి బాల్‌పెన్ రీఫిల్ లాంటిది. 10 ఫ్రెంచ్ సైజు అంటే వెడల్పు 3.3 మిల్లీమీటర్లు. లోపల పెట్టినప్పుడు రంగుతో శుభ్రంగా మెరిసే ఆ గొట్టాన్ని మూడు నెలల తరవాత బయటికి తీస్తే, రంధ్రం నిండా గోధుమరంగు మడ్డి గట్టిగా దిగి ఉంటుంది. పేగులోంచి పాకిన సూక్ష్మక్రిములు లోపలి గోడకు పొరలా అంటుకుని, దాని మీద రసం చిక్కబడి పేరుకుంటుంది. ప్లాస్టిక్ స్టెంట్‌ను దాదాపు మూడు నెలలకొకసారి మార్చమనేది ఇందుకే. మార్చిన ప్రతిసారీ ఒకటి స్థానంలో రెండు, రెండు స్థానంలో మూడు పెడుతూ ఇరుకును విప్పుకుంటూ పోతారు. మొత్తం ఏడాది పడుతుంది. మరణించిన దాత కాలేయంలో కుట్టు దగ్గరి ఇరుకు ఈ పద్ధతితో ఎక్కువమందిలో విడిపోతుంది. బతికున్న దాత ఇచ్చిన భాగంలో నాళాలు సన్నగా, వంకరగా ఉంటాయి కనుక ఫలితం కొంత తక్కువ. తొడుగున్న లోహపు స్టెంట్ అయితే ఆరు నెలల దాకా ఉంచవచ్చు కానీ, పక్క కొమ్మల నోళ్లు మూసుకునే వీలుంది కనుక అది అందరికీ సరిపడదు.

ఇక్కడే వైద్యం కంటే క్యాలెండర్ ముఖ్యమవుతుంది. మొదటి స్టెంట్ పడగానే దురద పోతుంది, కళ్లు తెల్లబడతాయి, ఆకలి వస్తుంది. మనిషి బాగున్నప్పుడు హైదరాబాద్‌కో, చెన్నైకో, విశాఖకో వెళ్లి మత్తు తీసుకుని గొట్టం మింగాలంటే ఎవరికీ మనసొప్పదు. కోతలు అయ్యాక వెళ్దాం, చేపల చెరువు పట్టుబడి అయ్యాక వెళ్దాం, పెద్దమ్మాయి పెళ్లయ్యాక వెళ్దాం అనుకుంటూ నాలుగో నెలా, ఐదో నెలా దాటిపోతాయి. మూసుకుపోయిన స్టెంట్ అడ్డు తీసే సాధనం కాదు, అదే ఒక అడ్డు. అందులో పట్టిన చీము రక్తంలోకి పాకి, ఏ మార్పిడి వల్ల మనిషి బతికాడో ఆ కాలేయమే పోయిన సందర్భాలు వైద్య సాహిత్యంలో కొల్లలు. మార్పిడికి లక్షలు ఖర్చుపెట్టిన కుటుంబం ఒక తేదీ దాటినందుకు దాన్నంతా పోగొట్టుకోవడం కంటే బాధాకరమైనది ఈ వ్యాధిలో మరొకటి లేదు.

గోదావరి లంకల్లో ఉండేవారు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. జులై, ఆగస్టుల్లో వరద వస్తే పి.గన్నవరం, మామిడికుదురు మండలాల్లాంటి చోట్ల కాజ్‌వేలు మునిగి, రాకపోకలు పడవల మీదే సాగుతాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు కొన్ని లంకలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. స్టెంట్ మార్చే తేదీ ఆ రోజుల్లో పడేలా ఉంటే, జూన్‌లోనే మార్చమని ముందుగా డాక్టరును అడగడంలో తప్పు లేదు; కొంత ముందుగా మార్చడం వల్ల నష్టమేమీ ఉండదు. టాక్రోలిమస్ మాత్రలు కనీసం నెలకు సరిపడా ఇంట్లో ఉంచుకోవడం, చలిజ్వరం వస్తే ఏ రేవు దాటి ఏ ఆస్పత్రికి వెళ్లాలో ముందే అనుకుని పెట్టుకోవడం కూడా అంతే అవసరం.

ఇ.ఆర్.సి.పి.తో తీగ ఇరుకు దాటనప్పుడు, లేదా నాళాన్ని నేరుగా పేగుకే కలిపిన వారిలో, చర్మం మీద నుంచి కాలేయంలోకి సూది పంపి గొట్టం వేస్తారు. పక్కన సంచి వేలాడుతుంది. ఆ సంచిలోకి రోజూ వచ్చే రసం ఎంతో కొలిచి రాసుకోవాలి, ఎందుకంటే దానితోపాటు ఉప్పూ నీరూ పోతుంటాయి. ఒక్కసారిగా రసం ఆగిపోయిందంటే గొట్టం మూసుకుందనో జారిందనో అర్థం. ఇవీ పనిచేయకపోతే మళ్లీ ఆపరేషన్ చేసి నాళాన్ని పేగుకు కలుపుతారు. కొన్ని కేంద్రాల్లో ఇరుకుకు రెండు వైపులా చిన్న అయస్కాంతాలు పంపి, అవి ఒకదాన్నొకటి లాక్కుంటూ దారి తెరిచే పద్ధతి కూడా ఉంది.

కామెర్లు అనగానే పసరు గుర్తుకురావడం మన దగ్గర తరాలనాటి అలవాటు. వైరస్ వల్ల వచ్చే కామెర్లలో చాలావరకు కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి కనుక ఆ పేరు పసరుకు దక్కింది. బిగుసుకున్న నాళం ఏ పసరుకూ విడివడదు. ఆ పది రోజుల ఆలస్యం మాత్రం మిగులుతుంది. తిప్పతీగ లాంటివి రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టి కాలేయాన్నే దెబ్బతీసిన సందర్భాలు మన దేశంలోనే నమోదయ్యాయి, ఆ శక్తిని అణచి ఉంచవలసిన మనిషికి అవి బొత్తిగా పనికిరావు. నొప్పులకని ఊళ్లో ఆర్.ఎం.పి. చేసే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ టాక్రోలిమస్‌తో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఫంగస్‌కు వాడే ఫ్లూకొనజోల్, యాంటీబయాటిక్ అయిన క్లారిత్రోమైసిన్ రక్తంలో టాక్రోలిమస్‌ను పెంచుతాయి, క్షయకు వాడే రిఫాంపిసిన్ దించేస్తుంది. మన పెరళ్లలో కాసే పంపరపనస కూడా దాన్ని పెంచేదే. మార్పిడి చేయించుకున్నవారు ఆ పండు జోలికి వెళ్లకూడదు.

రోగి చుట్టూ ఇంత కాపలా ఉన్నప్పుడు, కాలేయం ఇచ్చిన మనిషి మరుగునపడిపోతారు. ఆ దాత తరచు భార్యో, తల్లో, కూతురో. వారిలోనూ కోసిన చోటు నుంచి రసం కారడం, మిగిలిన నాళం బిగుసుకోవడం కొద్దిశాతం మందిలో జరుగుతుంది. ఆపరేషనైన నెలకే వంటింట్లోకి వెళ్లి, భర్త మందుల డబ్బా సర్దుతూ, తన పొట్ట ఉబ్బరాన్ని ఎవరికీ చెప్పకుండా ఊరుకునే ఆడవాళ్లకు కూడా ఎల్.ఎఫ్.టి. పరీక్ష, డాక్టరు చూపు తప్పనిసరి. ఈ విషయంలో కుటుంబాలు చూపే అశ్రద్ధ క్షమించదగ్గది కాదు.

తీసిన కాలేయాన్ని మంచులో ఉంచడానికి బదులు, చల్లని ద్రవంలో ఆక్సిజన్ కలిపి యంత్రంతో పంపిస్తూ ఉంచే పద్ధతి ఒకటి కొత్తగా ఆశ కలిగిస్తోంది. గుండె ఆగాక తీసిన కాలేయాల మీద జరిపి 2021లో ప్రచురించిన ఐరోపా పరీక్షలో, లోపలి కొమ్మలు బిగుసుకోవడం మామూలు పద్ధతిలో 18 శాతం ఉంటే, ఈ పద్ధతిలో 6 శాతానికి తగ్గింది. అయితే ఇది మరణించిన దాతల కాలేయాలకు సంబంధించిన మెరుగుదల. ఇంట్లోవాళ్లే కాలేయం పంచి ఇచ్చే మన పరిస్థితిలో కుట్టు దగ్గరి ఇరుకే ప్రధాన సమస్యగా ఇంకా కొన్నాళ్లు ఉంటుంది.

కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి చేరిన రోగిని చూసే డాక్టరుకు ముందుగా కావలసింది ఆ కాలేయం చరిత్ర. నాళాన్ని నాళానికి కలిపారా, పేగుకు కలిపారా. ఎన్ని నాళాలు కుట్టారు. లోపల స్టెంట్లు ఉంటే ఎన్ని, ఏ రకం, ఏ తేదీన పెట్టారు. ఏ తేదీకి తీయాలి. ఈ నాలుగు సంగతులూ డిశ్చార్జి సమ్మరీలో స్పష్టంగా లేకపోతే, ఆస్పత్రి గేటు దాటకముందే అడిగి రాయించుకోవాలి.